గ్లౌజులు వేసుకుంటే దద్దుర్లు, పక్కవాళ్లు తీస్తే తుమ్ములు: థియేటర్ నర్సు ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ స్టాఫ్ నర్సును. చేరినప్పటి నుంచి చేతులు పొడిబారి పగిలేవి, పట్టించుకోలేదు. ఈ మధ్య గ్లౌజులు వేసుకున్న పది నిమిషాలకే మణికట్టు దాకా దద్దుర్లు లేస్తున్నాయి. పక్కన ఎవరైనా గ్లౌజులు లాగి తీసినా తుమ్ములు, కళ్లు ఎర్రబడడం. ఒక రాత్రి డ్యూటీలో ఆయాసం, పిల్లికూతలు కూడా వచ్చాయి. సెలవు రోజు ఇంట్లో ఏమీ ఉండదు. అరటిపండు తింటే నోరు, పెదాలు దురద. హెడ్ సిస్టర్ "నీకు సోపు పడలేదు, కొబ్బరినూనె రాసుకొని గ్లౌజులేసుకో" అన్నారు. డ్యూటీ డాక్టరు సిట్రిజన్ రాశారు. మా ఆయన ఉద్యోగం మానేయమంటున్నారు. నాకిప్పుడు ఐదో నెల, మొదటి కాన్పు సిజేరియన్. ఇది గ్లౌజుల వల్లేనా? ఏం చేయాలి?
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: సిస్టర్, మీవారికి చెప్పండి, ఉద్యోగం మానేయాల్సిన అవసరం చాలామందికి రాదు. కానీ రేపు డ్యూటీకి వెళ్లినప్పటి నుంచి మీరు రబ్బరు గ్లౌజు వేసుకోకూడదు. పరీక్షలు చేయించి, కాగితం చేతికొచ్చాక చూద్దామని ఆగొద్దు. మీరు రాసిన గుర్తులు అలా ఉన్నాయి.

గ్లౌజులు వాడేవాళ్ల చేతులకు వచ్చే బాధలు మూడు రకాలు. పైపైన చూస్తే మూడూ ఒకటే అనిపిస్తాయి. అందుకే మన థియేటర్లలో ఎవరికి దురద వచ్చినా అదే ట్యూబు, అదే మాత్ర.

మొదటిది ఒరుపు. రోజుకు పదిసార్లు సోపుతో కడగడం, చేయి పూర్తిగా ఆరకముందే గ్లౌజు ఎక్కించడం, లోపల చెమట, పైగా పౌడరు గరుకు. చర్మం పొడిబారుతుంది, పగులుతుంది, మండుతుంది. ఇది అలర్జీ కానేకాదు. అందరికంటే ఎక్కువమందికి వచ్చేది ఇదే. కర్నూలు ఎండాకాలంలో, ఏసీ సరిగా పనిచేయని లేబర్ రూముల్లో ఇది రాని చేయి ఉండదు.

రెండోది గ్లౌజు తయారీలో రబ్బరు గట్టిపడడానికి కలిపే రసాయనాల వల్ల వచ్చే అలర్జీ. థైయురాములు, కార్బమేట్లు అని వాటి పేర్లు. ఇది వెంటనే రాదు. వేసుకున్న మర్నాడో ఆ మర్నాడో చేతి వెనకవైపు చిన్న చిన్న నీటిపొక్కులు, రసి, దురద వస్తాయి. గ్లౌజు అంచు ఎక్కడ ముగుస్తుందో అక్కడ గీత గీసినట్టు ఆగుతుంది. ప్రాణానికి ముప్పు లేదు గానీ నెలల తరబడి విసిగిస్తుంది.

మూడోదే అసలైన లేటెక్స్ అలర్జీ. రబ్బరు చెట్టు పాలలో ఉండే ప్రొటీన్ల మీద మన ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. ఇక ఆ ప్రొటీను తగిలిన నిమిషాల్లోనే దద్దుర్లు, తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం. ఒక్కోసారి బీపీ పడిపోయి మనిషి కుప్పకూలే దాకా పోతుంది.

మీ చేతులు చెప్తున్న కథ నాకు ఇలా అర్థమవుతోంది. మొదట్లో మీకున్నది ఒరుపే. పగిలిన చర్మం తెరిచిన తలుపు లాంటిది, చెమటలో కరిగిన ప్రొటీను దాని గుండా లోపలికి పోయింది. ఇప్పుడు పది నిమిషాలకే దద్దుర్లు, సెలవు రోజు హాయి, అరటిపండుతో నోటి దురద, వీటన్నిటికీ తోడు పిల్లికూతలు. ఇవన్నీ మూడో రకం వైపే వేలు చూపిస్తున్నాయి. చర్మంతో మొదలై ముక్కుకు, ముక్కు నుంచి ఊపిరితిత్తులకు ఎక్కుతోందంటే ఆలస్యం చేయకూడదు. నిర్ధారించాల్సింది డాక్టరే అయినా, జాగ్రత్త ఈ రోజే మొదలుపెట్టాలి.

మీరు గ్లౌజు ముట్టుకోకపోయినా తుమ్ములెందుకు వస్తున్నాయో చూద్దాం. గ్లౌజులో చల్లేది మొక్కజొన్న పిండి. ఆ పిండి రేణువులు రబ్బరులోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. ఎవరైనా గ్లౌజును టప్పున లాగినప్పుడు అవి గాల్లోకి లేచి గంటల తరబడి తేలుతుంటాయి. మీరు పీలుస్తున్నది వాటినే. కాబట్టి మీ ఒక్కరి చేతికి వేరే రకం గ్లౌజు ఇస్తే సగం పనే అయినట్టు. సర్జన్‌గారి చేతికి, అనస్తీషియా డాక్టరుగారి చేతికి, పక్క సిస్టర్ చేతికి ఉన్న గ్లౌజులు కూడా పౌడరు లేనివై ఉండాలి. ఈ జవాబులో ఇంకేం గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. చాలా ఆసుపత్రుల్లో "ఆ అమ్మాయికి పడదట, నీలం గ్లౌజులు ఇచ్చాం కదా" అని చేతులు దులుపుకుంటారు. గదిలో పౌడరు మాత్రం అలాగే ఎగురుతూ ఉంటుంది.

గ్లౌజులు కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, జతలు కట్టి డ్రమ్ములో పెట్టి ఆటోక్లేవ్ చేసే (ఆవిరితో క్రిములు చంపే) పని మా తరం నర్సులందరం చేశాం. ఆ మూల నిలబడితే పిండిమరలో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు వాడిన గ్లౌజులు ఎర్ర సంచిలో వేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెప్తున్నాయి. మీ దగ్గర ఇంకా కడిగి వాడే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ పని నుంచి మిమ్మల్ని తప్పించమని కాదు, ఆ పనినే ఆపమని అడగండి.

అసలు ఆపరేషన్లో రబ్బరు గ్లౌజులు వచ్చిందే ఒక నర్సు చేతుల కోసం. 1889–90 శీతకాలంలో అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కారోలిన్ హాంప్టన్ అనే థియేటర్ నర్సుకు పాదరసం మందుతో, కార్బాలిక్ యాసిడ్‌తో చేతులు కడిగి కడిగి పుండ్లు పడ్డాయి. సర్జన్ హాల్‌స్టెడ్ ఒక రబ్బరు కంపెనీతో ఆమెకు పల్చటి గ్లౌజులు చేయించాడు. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా అన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి నర్సు చేతులు పాడవుతున్నాయని గ్లౌజు మార్చమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు, ధైర్యంగా అడగొచ్చు.

ఎయిడ్స్ భయంతో 1987 నుంచి ప్రతి రోగి దగ్గరా గ్లౌజులు వాడాలన్న పద్ధతి ప్రపంచమంతా వచ్చింది. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది, దాంతోపాటే ఈ అలర్జీ కూడా. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 1997లో ఇచ్చిన హెచ్చరికలో, రోజూ లేటెక్స్ తగిలే వైద్య సిబ్బందిలో 8 నుంచి 12 శాతం మందికి ఈ సున్నితత్వం ఉందని రాశారు. జర్మనీలో 1990ల చివర్లో ఆసుపత్రుల నుంచి పౌడరు లేటెక్స్ గ్లౌజులు తీసేశాక కొత్త కేసులు బాగా తగ్గాయి. అమెరికాలో 2017 జనవరి 18 నుంచి పౌడరు గ్లౌజులు పూర్తిగా నిషేధం. మన మెడికల్ ఏజెన్సీల్లో అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

మీ యాజమాన్యం ఖర్చు మాట ఎత్తితే మీ తుమ్ముల గురించి కాసేపు పక్కన పెట్టి ఆ నిషేధం సంగతి చెప్పండి. ఆ నిషేధానికి చూపిన కారణాల్లో రోగుల బాధ కూడా ఉంది. గ్లౌజు పౌడరు కడుపులో పడితే పేగులు ఒకదానికొకటి అతుక్కోవచ్చు, కుట్టు దగ్గర వాపు రావచ్చు. ఈ ముక్క సర్జన్‌గారి చెవిన పడితే స్టోర్ ఇండెంట్ (సరుకుల ఆర్డరు) తొందరగా మారుతుంది. నర్సు బాధ చెప్తే కదలని ఫైలు, సర్జన్ కేసు పాడవుతుందంటే కదులుతుంది. మంచిదో చెడ్డదో, మన ఆసుపత్రుల్లో నడిచే తీరు అదే.

ఏం అడగాలో తేల్చుకొని అడగండి. మీ చేతికి అసలు లేటెక్స్ లేని గ్లౌజులు కావాలి. మామూలు పనులకు నైట్రైల్ చాలు, కరోనా కాలంలో అవి ప్రతి మెడికల్ షాపుకూ వచ్చాయి. స్టెరైల్ సర్జికల్ గ్లౌజుల్లో అయితే నియోప్రీన్ అనో పాలీఐసోప్రీన్ అనో ఉన్నవి తెప్పించుకోవాలి. ఇవి ఖరీదే, కానీ ఒక్కరి సైజులో నెలకు కొన్ని జతలే కాబట్టి పెట్టలేని ఖర్చు కాదు. మిగతా అందరికీ పౌడరు లేని, ప్రొటీన్ తక్కువున్న లేటెక్స్ చాలు. వినైల్ గ్లౌజులు చవకే గానీ తొందరగా చిల్లుపడతాయి, రక్తం తగిలే పనికి వాటిని నమ్మొద్దు. రంగు చూసి మోసపోకండి, నీలం రంగు లేటెక్స్ గ్లౌజులు కూడా ఉన్నాయి. పెట్టె మీద "హైపోఅలర్జెనిక్" అని ఉన్నంత మాత్రాన లేటెక్స్ లేదని కాదు. ఏ పదార్థంతో చేశారో చదివాకే పెట్టె తెరవండి.

కొబ్బరినూనె సలహా గురించి. హెడ్ సిస్టర్ ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ నూనె రబ్బరును తినేస్తుంది. నూనె చేతికి లేటెక్స్ గ్లౌజు వేస్తే అది బలహీనపడి కంటికి కనిపించని చిల్లులు పడతాయి, హెపటైటిస్-బి రోగి రక్తం మన చేతికి తగులుతుంది. వాజ్‌లైన్ అయినా అంతే. నూనె రాసుకోవాలనుంటే డ్యూటీ అయ్యాక, రాత్రి పడుకునేటప్పుడు రాసుకోండి. డ్యూటీలో గ్లౌజు తీయగానే చేతులు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, ఆరాకే ఇంకో జత వేసుకోండి. చేతులు మురికిగా కనిపించనప్పుడు సోపు బదులు హ్యాండ్‌రబ్ వాడితే చర్మం తక్కువ చెడుతుంది. మెడికల్ షాపులో ఇచ్చే, మూడు మందులు కలిపిన స్టెరాయిడ్ ట్యూబులు మాత్రం డాక్టరు చెప్పకుండా రుద్దకండి.

ఇంకో సంగతి. మనం అక్కర్లేని చోట కూడా గ్లౌజులు వేస్తున్నాం. బీపీ చూడడానికి, టెంపరేచర్ చూడడానికి, మందులివ్వడానికి, పుండు లేని చర్మం మీద కండరానికి ఇంజక్షన్ చేయడానికి గ్లౌజు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. రక్తం, రసి, మలమూత్రాలు తగిలే చోట మాత్రం గ్లౌజు లేకుండా చేయి పెట్టొద్దు, అలర్జీ ఉన్నా సరే.

సిట్రిజన్ దురదను తగ్గిస్తుంది, ఆయాసాన్ని ఆపలేదు. మాత్ర వేసుకొని థియేటర్లోకి వెళ్లడమంటే ముందు వచ్చే చిన్న హెచ్చరికను నొక్కేసి పెద్దదాని కోసం ఎదురుచూడడమే. ఆ రాత్రి వచ్చిన పిల్లికూతల గురించి ఛాతీ డాక్టరుకు కూడా చూపించుకోండి.

పరీక్షల మాట. మీరు గర్భంతో ఉన్నారు కాబట్టి చర్మం మీద సూదితో గీసి చూసే ప్రిక్ టెస్టు కాన్పయ్యేదాకా వాయిదా వేస్తారు. రక్త పరీక్షతో ఏ ఇబ్బందీ లేదు. కర్నూలులో రక్తం తీసి హైదరాబాదుకు పంపే ల్యాబుల్లో అడగండి. రసాయనాల అలర్జీ కూడా ఉందేమోనని చర్మ డాక్టరుకు అనుమానం వస్తే కాన్పు తర్వాత వీపు మీద ప్యాచ్ టెస్టు చేస్తారు. పట్టీలు రెండు రోజులు వీపు మీదే ఉండాలి, తడపకూడదు. ఈ తేడా తేలడం ముఖ్యం. ఎందుకంటే థైయురాములు, కార్బమేట్ల లాంటి రసాయనాలు చాలా నైట్రైల్ గ్లౌజుల్లో కూడా ఉంటాయి. రెండో రకం అలర్జీ ఉన్నవాళ్లు నైట్రైల్‌కు మారి "ఇదీ పడలేదు, నా ఖర్మ" అనుకుంటారు. వాళ్లకు ఆ రసాయనాలు కలపని గ్లౌజులు వేరే దొరుకుతాయి.

అరటిపండు. రబ్బరు పాలలోని కొన్ని ప్రొటీన్లు, కొన్ని పండ్లలోని ప్రొటీన్లు దగ్గర పోలికతో ఉంటాయి. ఒంట్లోని యాంటీబాడీకి ఆ రెండూ ఒకటే. లేటెక్స్ పడనివాళ్లలో దాదాపు మూడో వంతు నుంచి సగం మందికి ఏదో ఒక పండుతో ఇలాంటి బాధ ఉంటుంది. అరటి, అవకాడో, కివీ ముఖ్యమైనవి, బొప్పాయి కూడా ఆ జాబితాలోదే. మన సీమలో అవకాడో ఎవరికి కావాలి గానీ, పులివెందుల అరటి, అనంతపురం బొప్పాయి ఇంటింటికీ వచ్చేవే. పూజకూ అరటిపండే, గర్భిణిని చూడొచ్చేవాళ్ల చేతిలోనూ అరటిపండే. మీరు అరటిపండు మానేయండి. బొప్పాయితో ఇంతవరకు ఏమీ కాకపోతే కాలేదనే డాక్టరుకు చెప్పండి, భయపడి అన్ని పండ్లూ మానకండి, అసలే కడుపుతో ఉన్నారు. ఉడికిస్తే ఆ ప్రొటీన్లు చాలావరకు చెడిపోతాయి కాబట్టి అరటికాయ కూర చాలామందికి పడుతుంది. అయినా పిల్లికూతలు వచ్చిన మనిషి ఇంట్లో ఒంటరిగా ప్రయోగాలు చేయకూడదు, డాక్టరుతో మాట్లాడాకే.

ఇంట్లో చూసుకోవాల్సినవి బుడగలు, వేడినీళ్ల రబ్బరు సంచి, గిన్నెలు తోమే గ్లౌజులు, కండోములు. పెద్దబిడ్డ పుట్టినరోజుకు బుడగలు ఊదే పని మీవారికి అప్పజెప్పండి, అదీ వేరే గదిలో. రబ్బరు పాలలో ముంచి తీసిన పల్చటి వస్తువులతోనే ఎక్కువ బాధ. టైర్లు, చెప్పుల లాంటి గట్టి రబ్బరుతో అంత ఉండదు. గోడకు వేసే లేటెక్స్ పెయింటులో రబ్బరు చెట్టు పాలే ఉండవు, దానికి భయపడకండి.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన మీ కాన్పు. లేటెక్స్ అలర్జీలో ప్రమాదకరమైన రియాక్షన్లు ఎక్కువగా వచ్చేది రబ్బరు నేరుగా లోపలి పొరలకు తగిలినప్పుడు. లోపలి పరీక్షప్పుడు, కడుపు తెరిచినప్పుడు, మూత్రానికి గొట్టం వేసినప్పుడు. పైగా ఆపరేషన్లో మత్తులో ఉన్న మనిషి దురద అని చెప్పలేరు, బీపీ పడిపోయాకే తెలుస్తుంది. అందుకని ఈ నెల చెకప్‌కే మీ డాక్టరమ్మకు చెప్పి, కేస్ షీటు మీద, తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర ఇంకుతో "లేటెక్స్ అలర్జీ అనుమానం" అని రాయించండి. ఇప్పటి నుంచి లోపలి పరీక్ష ఎవరు చేసినా లేటెక్స్ లేని గ్లౌజుతోనే. సిజేరియన్ అయితే ముందుగా తేదీ పెట్టుకొని, ఆ రోజు మొదటి కేసుగా చేయమనండి. రాత్రంతా ఎవరూ గ్లౌజులు లాగి ఉండరు కాబట్టి గాల్లో పౌడరు తక్కువ ఉంటుంది. మూత్రానికి వేసే మామూలు గొట్టం, అంటే ఫోలీస్ క్యాథెటర్, లేటెక్స్‌దే, పైన సిలికాన్ పూత ఉన్నా లోపల రబ్బరే. పూర్తి సిలికాన్‌ది కొనిపెట్టుకోండి. ఎర్ర రబ్బరు క్యాథెటర్, రబ్బరు డ్రెయిన్, చేతికి కట్టే టోర్నికే ట్యూబు, పాత నల్ల రబ్బరు మాస్కు, వీటిలో ఏదీ మీ దగ్గరికి రాకూడదు. అనస్తీషియా డాక్టరుగారిని ముందే కలవండి. మీరు థియేటర్ మనిషే కనుక ట్రేలో ఏముంటుందో ఎవరో చెప్పక్కర్లేదు. జాబితా మీరే రాసిస్తే వాళ్లకూ సులువు. నొప్పులు ముందే వచ్చి అర్ధరాత్రి ఎక్కడికైనా పరుగెత్తాల్సి వస్తే ముందే సర్దిపెట్టుకున్న ఒక సంచీ వెంట ఉండాలి. అందులో మీ సైజు కాదు, డాక్టరుగారి సైజు లేటెక్స్ లేని సర్జికల్ గ్లౌజులు కొన్ని జతలు, ఒక సిలికాన్ క్యాథెటర్. ఎక్కడ పెట్టారో మీవారికి చూపించండి.

ఒకవేళ రియాక్షన్ వస్తే. మన దగ్గర అలర్జీ అనగానే ఎవిల్ (దురద తగ్గించే ఇంజక్షన్), డెకాడ్రాన్ (స్టెరాయిడ్) అంటూ చేయి అటే పోతుంది. ఆయాసం వచ్చినా, గొంతు పట్టేసినా, బీపీ పడినా ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్. పెద్దవాళ్లకు 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ నుంచి 0.5 మి.లీ., తొడ బయటివైపు మధ్యలో, కండరంలోకి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ. గర్భిణి అని వెనకాడకూడదు, తల్లి బీపీ పడిపోతే బిడ్డకే ఎక్కువ నష్టం. ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టాలి, లేపి నిలబెట్టకూడదు. ఎవిల్, స్టెరాయిడ్ ఆ తర్వాత. మీతో డ్యూటీ చేసే ఇద్దరు ముగ్గురికి ఇది ముందే చెప్పి ఉంచండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి, అవి ఉంటే అడ్రినలిన్ సరిగా పనిచేయదు.

కాన్పు అయ్యేదాకా థియేటర్ నుంచి ఓపీకో, రికార్డుల వైపుకో మార్చమని రాతపూర్వకంగా అడగండి. తేదీలతో సహా రాయండి. ఏ రోజు డ్యూటీ, ఎన్నింటికి దద్దుర్లు, సెలవు రోజు ఎలా ఉంది అని ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే చర్మ డాక్టరుకు, యాజమాన్యానికి కూడా అదే సాక్ష్యం. కాన్పు సెలవు అయ్యాక, గదిలో పౌడరు లేకుండా చేస్తే మళ్లీ థియేటర్‌కు రావొచ్చు. ఇలా తిరిగొచ్చి ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు.

మీ ఉత్తరంలో లేదు గానీ, మీ థియేటర్ ఆయమ్మ చేతులు కూడా ఒకసారి చూడండి. బ్లీచింగ్ నీళ్లు, ఫినాయిలు, మందపాటి రబ్బరు గ్లౌజులు, ఆపైన ఇంట్లో గిన్నెలు. ఆమెకు దద్దుర్లు వస్తే సిట్రిజన్ రాసేవాళ్లు కూడా ఉండరు. గ్లౌజులు మార్చమని మీరు పెట్టే అర్జీలో ఆయమ్మల సైజులు కూడా కలపండి.

ల్యాబుకు వెళ్లినప్పుడు ఒక్కటి చూసుకోండి. "ఐజీఈ" అని మాత్రమే చెప్తే టోటల్ ఐజీఈ చేసి పంపుతారు, అది మీకు పనికిరాదు. "లేటెక్స్ స్పెసిఫిక్ ఐజీఈ" అని చీటీ మీద రాయించుకొని వెళ్లండి. అది నెగెటివ్ వచ్చినా మీ గుర్తులు ఇంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి కాన్పు దాకా ఈ జాగ్రత్తలన్నీ అలాగే కొనసాగించండి. ప్రిక్ టెస్టు అయ్యాక ఆ రిపోర్టుతో మళ్లీ రాయండి.